చలువ కళ్ళజోడు: ఎండలో పనిచేయువారు ఎన్నుకొను విధము, వాడు విధము

పైరుకు ఎండ కావలెను. ఎండ లేనిదే ఆకు ఆహారమును తయారు చేసికొనజాలదు, గింజ గట్టిపడదు, కళ్ళములో ధాన్యము ఆరదు. కాని పైరుకు మేలు చేయు ఈ ఎండయే, ఏండ్ల తరబడి దానిలో పనిచేయు మనిషి కంటికి కీడు చేయును. కర్రు అరిగినచో మార్చుదుము. మోటారు వేడెక్కినచో ఆపుదుము. ఎద్దు గిట్టలు అరుగకుండ లాడములు కొట్టింతుము. మన కంటిని గూర్చి మాత్రము చూపు మసకబారు వరకు తలపోయము.

చలువ కళ్ళజోడు అనగానే అది పట్నవాసుల షోకనియో, సినిమా నటుల అలంకారమనియో, లేకున్న శుక్లముల ఆపరేషను చేయించుకొన్నవారి నల్ల అద్దములనియో మన గ్రామములలో చాలమంది తలచుచుందురు. ఎండలో పనిచేయువారికి అది షోకు కాదు, కొడవలి పార వంటి పనిముట్టు. అయితే ఏ పనిముట్టునైనను చూచి ఎన్నుకొనవలెను. సంచి రంగును చూచి విత్తనమును కొనము కదా! అట్లే అద్దము నలుపును చూచి కళ్ళజోడు కొనరాదు. నల్లగా నుండు ప్రతి అద్దమును కంటిని కాపాడదు. కొన్ని అద్దములు మేలునకు బదులు కీడే చేయును. ఈ భేదమును తెలిసికొనుట ఎట్లో ఈ వ్యాసములో వివరింపబడినది.

ఎండలో కనిపించని భాగము

సూర్యుని నుండి మనకు వెలుగు, వేడి వచ్చుచున్నవి. ఇవి గాక కంటికి కనిపించని అతినీలలోహిత కిరణములు కూడ వచ్చుచున్నవి. వీనిలో నేలను చేరునవి రెండు రకములు. 280 నుండి 315 నానోమీటర్ల వరకు గలవి 'బి' రకము. 315 నుండి 400 నానోమీటర్ల వరకు గలవి 'ఎ' రకము. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పది లక్షల వంతు. 'బి' రకములో ఎక్కువ భాగమును ఆకాశములోని ఓజోను పొర ఆపివేయును. ఆగక వచ్చినది కొంచెమే అయినను చర్మమును కమల్చునదియు, కంటి పై పొరను బాధించునదియు ముఖ్యముగా అదియే.

ఈ కిరణముల దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. వెల్డింగు పనిని వట్టి కంటితో చూచిన వారికి ఇది అనుభవమే. చూచునప్పుడు నొప్పి యుండదు. కొన్ని గంటల తరువాత, తరచు ఆ రాత్రికి, కళ్ళలో ఇసుక పోసినట్లు మంట, నీరు కారుట మొదలగును. వెల్డింగు మంటలో నుండి వచ్చునవియు ఈ జాతి కిరణములే. పొలములోని ఎండ అంత తీవ్రమైనది కాదు. కాని వెల్డింగును చూచుట నిమిషముల పని, పొలములో నిలుచుట జీవితకాలపు పని.

మన తెలుగు ప్రాంతమంతయు కర్కాటక రేఖకు దక్షిణమున ఉన్నది. కావున సూర్యుడు ఏటా రెండుసార్లు సరిగా మన నడినెత్తి మీదుగా పోవును. హైదరాబాదులో ఇది మే నెల రెండవ వారములోను, ఆగస్టు మొదటి వారములోను జరుగును. ఆ రోజులలో మిట్టమధ్యాహ్నము నిలువుగా పాతిన కర్రకు పక్కకు నీడ పడదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలనిరి. రోళ్ళను పగులగొట్టునది వేడి. కంటిని బాధించునది వేడి కాదని మాత్రము గుర్తుంచుకొనవలెను. చలికాలపు చల్లని పూటను, పలుచని మబ్బు పట్టిన నాడును ఈ కిరణములు వచ్చుచునే యుండును. వీని బలమును కొలుచుటకు సులభమైన గుర్తు మన నీడయే. నీడ మన ఎత్తు కంటె పొట్టిగా నున్నంత సేపు ఈ కిరణములు బలముగా నున్నవని తెలిసికొనవలెను.

కంటికి కలుగు కీడు

ఎండలో పనిచేయువారి కళ్ళలో తరచుగా కనిపించునది దుర్మాంసము. దీనిని కొందరు 'కంట్లో పొర' అందురు. వైద్యులు టెరీజియం అందురు. ఇది తెల్లగుడ్డు మీద, చాల వరకు ముక్కు వైపున, కండ పొర వలె మొదలై మెల్లగా నల్లగుడ్డు మీదికి ప్రాకును. మొదట ఎరుపు, దురద, నలక పడినట్లుండుట తప్ప వేరు బాధ యుండదు. నడిమికి ప్రాకినచో చూపును చెరచును. ఆపరేషను చేసి తీసివేయవచ్చును గాని కొందరిలో మరల పెరుగును. 1996 నుండి 2000 వరకు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు ప్రాంతములలో 10,293 మంది కళ్ళను పరీక్షించిరి. ఆరుబయట పనిచేయువారిలో దుర్మాంసము ఎక్కువగా నున్నట్లు ఆ సర్వేలో తేలినది.

ముక్కు వైపుననే ఇది ఎక్కువగా పుట్టుటకు ఒక కారణము చెప్పబడుచున్నది. కణతల వైపు నుండి ఏటవాలుగా వచ్చు కాంతి నల్లగుడ్డుపై నున్న గాజు వంటి పొరలో వంగి, భూతద్దము క్రింద ఎండ వలె, ముక్కు వైపు అంచున గుమిగూడును. కనుక ఎదుటి వెలుగును మాత్రము ఆపి పక్కలు వదలివేయు చిన్న కళ్ళజోడు సగము పనియే చేయును.

రెండవది శుక్లము. దీనికి వయస్సే ముఖ్య కారణము. మధుమేహము, పొగ త్రాగుట మొదలగునవి కూడ కారణములే. ఏండ్ల తరబడి ఎండ సోకుట వీనికి తోడగును. చలువ కళ్ళజోడు పెట్టుకొన్నచో శుక్లము రానే రాదని చెప్పజాలము. ఎండ వలన కలుగు భాగమును తగ్గించుట మాత్రము మన చేతిలోని పని.

చలువ వేరు, రక్షణ వేరు

'చలువ' అను పేరే మనలను తప్పుదారి పట్టించుచున్నది. నల్ల అద్దము పెట్టగానే కంటికి హాయిగా నుండును. ఆ హాయియే రక్షణ అనుకొందుము. నిజమునకు అద్దము చేయవలసిన పనులు రెండు. కనిపించు వెలుగును తగ్గించుట ఒకటి. ఇది అద్దపు రంగు చేయును. కనిపించని కిరణములను ఆపుట రెండవది. ఇది అద్దము తయారైన పదార్థము, దానిపై వేసిన పూత చేయును. ఈ రెండవ పనికి నలుపుతో సంబంధము లేదు. ఏ రంగును లేని తెల్లని అద్దము కూడ అతినీలలోహిత కిరణములను పూర్తిగా ఆపగలదు. కారునలుపు అద్దము వానిని లోపలికి వదలవచ్చును.

రెండవ పని చేయని నల్ల అద్దము వట్టి కంటి కంటె ప్రమాదకరము కావచ్చును. వెలుగు ఎక్కువైనప్పుడు కంటిపాప చిన్నదగును, కనురెప్పలు ముడుచుకొనును. ఇది ప్రకృతి ఇచ్చిన కాపుదల. నల్ల అద్దము పెట్టగానే చీకటైనదని కంటిపాప విచ్చుకొనును. రెప్పలు బాగుగా తెరచుకొనును. కిరణములను ఆపని అద్దమైనచో, విచ్చుకొన్న వాకిలి గుండ అవి మునుపటి కంటె ఎక్కువగా లోపలికి పోవును. కావలివానిని నిద్రపుచ్చి తలుపు తీసి పెట్టినట్లగును.

సంతలో అమ్ము చౌక అద్దములన్నియు చెడ్డవని దీని భావము కాదు. ధర ఎక్కువైనవన్నియు మంచివనియు కాదు. మంచిచెడ్డలు రంగు వలనను, ధర వలనను తెలియవని మాత్రమే భావము.

కొనునప్పుడు చూడవలసినవి

1. ముద్ర: 'యు.వి. 400' అనియో, 'నూటికి నూరు పాళ్ళు యు.వి. రక్షణ' అనియో ముద్ర యుండవలెను. 400 అనగా 400 నానోమీటర్ల వరకు గల కిరణములను ఆపునని అర్థము. ముద్ర అంటించుట తేలిక గనుక, రశీదు ఇచ్చు కళ్ళద్దాల దుకాణములో కొనుట మేలు. చాల దుకాణములలో కిరణములను కొలుచు చిన్న యంత్రముండును. అద్దమును దానిపై పెట్టి చూపుమని అడుగుటకు సంకోచింపరాదు.

2. నోటు పరీక్ష: యంత్రము లేనిచోట ముతకగా ఒక పరీక్ష చేయవచ్చును. దొంగనోట్లను కనిపెట్టుటకు వాడు ఊదారంగు దీపము క్రింద నోటుపై అంకెలున్న చోటు, సన్నని పోగులు మెరయును. దీపమునకును నోటునకును నడుమ అద్దమును అడ్డుపెట్టి, అద్దము గుండ కాక పక్క నుండి నోటును చూడవలెను. మెరుపు పోయినచో అద్దము ఆ కిరణములను ఆపుచున్నట్లు. మెరుపు తగ్గనిచో ఆ అద్దము కొనదగినది కాదు. దీపములోనికి నేరుగా చూడరాదు. ఈ పరీక్షలో తప్పినదానిని విడిచిపెట్టవచ్చును; నెగ్గినంత మాత్రమున పూర్తి హామీ కాదు.

3. నలుపు తరగతి: అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము 0 నుండి 4 వరకు తరగతులు కలవు. 3వ తరగతి అద్దము వెలుగులో నూటికి 8 నుండి 18 పాళ్ళను మాత్రమే లోపలికి వదలును. మన ఎండలో పొలము పనికి ఇది తగినది. 2వ తరగతి 18 నుండి 43 పాళ్ళ వరకు వదలును. ఒక మాదిరి ఎండకు చాలును. 4వ తరగతి 3 నుండి 8 పాళ్ళు మాత్రమే వదలును. ఇది మంచు కొండలపై తిరుగువారికి. దీనిని పెట్టుకొని బండి గాని ట్రాక్టరు గాని నడుపరాదు.

4. రంగు: బూడిదరంగు అద్దములో రంగులు ఉన్నవి ఉన్నట్లు కనిపించును. గోధుమరంగు కూడ పనికి వచ్చును. నీలము, ఎరుపు, ముదురు పసుపు అద్దములు రైతుకు తగవు. పైరు పచ్చదనమును, తెగులు మచ్చను, రోడ్డుపై దీపపు రంగును మార్చి చూపును. ఏ రంగు అద్దమైనను, ఆకు రంగు చార్టుతో వరి ఆకును పోల్చునప్పుడు, మిరపకాయల రంగు చూచి వేరు చేయునప్పుడు తీసివేసి చూడవలెను.

5. ఆకారము: అద్దము పెద్దదిగా నుండి కనుబొమల నుండి చెంప ఎముక వరకు కప్పవలెను. కణతల వైపునకు వంగి యుండవలెను, లేదా పక్క రేకులుండవలెను. ముక్కుపై నిలిచి, వంగి నాటు వేయునప్పుడు జారిపడకుండ నుండవలెను. చెవుల వెనుక త్రాడు కట్టుకొన్నచో పడిపోదు.

6. పదార్థము: పొలములో గాజు అద్దము పగిలి కంటికే ప్రమాదము తేవచ్చును. పాలీకార్బొనేటు అను గట్టి ప్లాస్టిక్కు అద్దము సులభముగా పగులదు. అతినీలలోహిత కిరణములను తనంతట తానే ఆపును. బరువు కూడ తక్కువ.

7. గీత పరీక్ష: అద్దమును చేయి చాచి పట్టుకొని, ఒక కన్ను మూసి, తలుపు దర్వాజా అంచును గాని కరెంటు స్తంభమును గాని దాని గుండ చూచుచు మెల్లగా ఇటునటు కదల్పవలెను. గీత వంకరలు పోయినచో అద్దము సమముగా లేదు. అట్టిది పెట్టుకొన్న తలనొప్పి, కళ్ళు అలయుట కలుగును.

నీటి మెరుపునకు పోలరైజ్డు అద్దము

దమ్ము చేసిన మడిలో, చేపల రొయ్యల చెరువు గట్లపై, కాలువ పక్కన పనిచేయువారిని నీటి మెరుపు బాధించును. టోపీ పైనుండి వచ్చు ఎండను ఆపును గాని క్రింద నీటి నుండి ఎగయు మెరుపును ఆపజాలదు. నాటు వేయు స్త్రీలు వంగి నీటినే చూచుచుందురు గనుక వారికి ఈ బాధ మరింత ఎక్కువ. తీరములోని ఉప్పుమళ్ళలో తెల్లని ఉప్పు మీద పనిచేయువారి సంగతియు ఇట్టిదే.

నీటి మెరుపును తగ్గించుటకు పోలరైజ్డు అద్దములు ప్రత్యేకముగా పనికివచ్చును. వీని గుండ చూచినచో పైమెరుపు తగ్గి నీటి లోపలిది కనిపించును. చెరువు రైతులకు ఇది రెండు విధముల లాభము. నిజమైనవో కావో తెలిసికొనుటకు అట్టివి రెండు జోళ్ళు తీసికొని, ఒకదాని అద్దమును రెండవదాని అద్దముపై అడ్డముగా త్రిప్పి పట్టి చూడవలెను. రెండును కలిసిన చోట చీకటైనచో అవి నిజమైనవే. ఒక చిక్కు కలదు: సెల్‌ఫోను తెర, కొన్ని ట్రాక్టరుల మీటరు తెర వీని గుండ సరిగా కనిపింపకపోవచ్చును. 'పోలరైజ్డు' అని యున్నంత మాత్రమున యు.వి. రక్షణ యున్నట్లు కాదు. రెండు ముద్రలును విడివిడిగా చూచుకొనవలెను.

చూపు అద్దములు ఉన్నవారు

తెలంగాణములో 2018లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోను ప్రారంభమైన కంటి వెలుగు కార్యక్రమముల ద్వారా గ్రామములలో ఎందరికో కళ్ళజోళ్ళు అందినవి. దగ్గర చూపునకు ఇచ్చినవి చదువుటకు, కుట్టుటకు, విత్తనములు ఏరుటకు ఉపయోగపడును. ఎండ రక్షణకు ఇచ్చినవి కావు. ఎల్లప్పుడు చూపు అద్దములు వాడువారు క్రొత్తవి చేయించుకొనునప్పుడు యు.వి. రక్షణ గల అద్దములే వేయుమని అడుగవలెను. ఎండలో తమంతట నల్లబడి నీడలో తెల్లబడు అద్దములు కూడ కలవు. ఉన్న కళ్ళజోడు మీదనే తొడుగుకొను పెద్ద చలువ జోడు మరొక మార్గము.

ధరించు విధము

కళ్ళజోడొక్కటే చాలదు. వెడల్పు అంచు టోపీ దానికి జత. తలపాగా నెత్తిని కాపాడును గాని దానికి అంచు లేదు. కంటికి నీడ పడదు. తుండు గాని, చీర కొంగు గాని నుదుటి మీదికి ముందుకు లాగి కట్టుకొన్నచో కొంత నీడ దొరకును. మిట్టమధ్యాహ్నము సూర్యుడు పైనున్నప్పుడు కనుబొమలు, టోపీ కంటిని కొంత కాపాడును. ఉదయము ఎనిమిది తొమ్మిది గంటలకు, సాయంత్రము మూడు నాలుగు గంటలకు ఎండ ఏటవాలుగా వచ్చి నేరుగా కంటిలో పడును. కనుక మధ్యాహ్నమే గాక ఈ వేళలలో కూడ కళ్ళజోడు ధరింపవలెను.

పసిపిల్లల కంటి లోపలి కటకము పెద్దల దానికంటె స్వచ్ఛమైనది. కిరణములను ఎక్కువగా లోపలికి వదలును. తిరునాళ్ళలో కొనిపెట్టు ఆట కళ్ళజోళ్ళు పిల్లలను ఎండలో పెట్టి త్రిప్పుటకు పనికిరావు. వారికి టోపీ, చెట్టు నీడ మేలు.

ధరింపరాని సందర్భములు

మునిమాపు వేళ, రాత్రి వేళ చలువ అద్దములతో బండి నడుపరాదు. ఎండలో నుండి గోదాములోనికో, గడ్డివాము చాటునకో, పశువుల కొట్టములోనికో పోవునప్పుడు వాకిటనే తీసివేసి, కన్ను చీకటికి అలవాటు పడు వరకు కొంచెము ఆగవలెను. నల్ల అద్దములతో లోనికి పోయినవారికి కాలి క్రింది పాము కనిపించదు.

ఎంత మంచి చలువ అద్దమైనను గ్రహణ సమయమున సూర్యుని చూచుటకు గాని, వెల్డింగునకు గాని పనికిరాదు. పురుగుమందు చల్లునప్పుడు నాలుగు వైపుల మూసియుండు రక్షణ అద్దములే పెట్టుకొనవలెను. నూర్పిడి యంత్రము వద్దను అట్టివే మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. వరి ఆకు అంచు గాని, ఊక గాని, ధాన్యపు ముల్లు గాని కంటికి తగిలి గీరుకొన్నచో ఆ గాయములో బూజు చేరి నల్లగుడ్డుపై పుండు పడవచ్చును. చూపు పోవుటకు ఇది పెద్ద కారణము. నలుపరాదు, ఆకుపసరు, ఆముదము, చనుబాలు పోయరాదు. మందుల దుకాణములో ఎవరో చెప్పిన చుక్కలు వేసికొనరాదు. వానిలో స్టీరాయిడు ఉన్నచో పుండు ముదురును. శుభ్రమైన నీటితో కడిగి ఆ రోజే కంటి వైద్యుని వద్దకు పోవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న లాభము లేదు.

కళ్ళజోడును కాపాడుకొనుట

దుమ్ము పట్టిన అద్దమును పొడి తుండుతో తుడిచినచో గీతలు పడును. ముందు నీటితో కడిగి, అవసరమైన ఒక చుక్క సబ్బు రుద్ది, మెత్తని నూలుగుడ్డతో అద్దవలెను. అద్దము నేలకు తగులునట్లు బోర్లించరాదు. ట్రాక్టరు మీద ఎండలో వదలరాదు. వేడికి చట్రము వంగును, పూత చెడును. గీతలు పడి చూపునకు అడ్డు వచ్చినప్పుడు మార్చవలెను.

గ్రామాధికారులకు, పెద్దలకు మనవి

ఊరిలో నవ్వుదురను జంకు వలన చాలమంది కళ్ళజోడు ధరింపరు. గ్రామ అధికారి, వ్యవసాయ విస్తరణాధికారి, అభ్యుదయ రైతు పొలమునకు వచ్చునప్పుడు తాము ధరించి చూపినచో ఈ జంకు పోవును. తెలంగాణములోని రైతు వేదికలలో, ఆంధ్రప్రదేశ్‌లోని రైతు సేవా కేంద్రములలో సమావేశములు జరుగునప్పుడు నోటు పరీక్షను, గీత పరీక్షను పదిమంది ఎదుట చేసి చూపవచ్చును. ఖర్చు లేని పని ఇది.

కూలికి వచ్చు స్త్రీలను ముఖ్యముగా గుర్తింపవలెను. నాటు, కలుపు, పత్తి తీత వంటి పనులలో దినమంతయు ఎండలో నుండువారు వారు. ఇంటిలో కళ్ళజోడు కొనుటకు చివర తలపునకు వచ్చువారును వారే. ఇంటికి ఒక్కటే కొనగలిగినచో ఎక్కువ సేపు ఎండలో నిలుచువారికి దానిని ఇయ్యవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

నలుపును చూచి కొనరాదు, యు.వి. 400 ముద్రను చూచి, పరీక్షించి కొనవలెను.

పక్కలు కూడ కప్పు పెద్ద అద్దము, దానిపై అంచు గల టోపీ, ఈ రెండును కలిసియే రక్షణ.

నీటి పనికి పోలరైజ్డు అద్దము మేలు. చీకటిలో, పురుగుమందు వద్ద, గ్రహణ వేళ చలువ అద్దము తగదు.

తెల్లగుడ్డుపై పొర పెరుగుచున్నను, చూపు మసకబారినను, కన్ను తరచు ఎర్రబడుచున్నను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

పంట ఒక ఏడు పోయినచో మరుసటి ఏడు పండించుకొనవచ్చును. ఆ పంటను చూచుకొను కన్ను పోయినచో మరల మొలకెత్తదు.